భూమి పుట్టినరోజు జూలై ఒకటి

గుండ్లపెంట బండకు కాపలాదారును నేను. ముప్పై ఏళ్లలో ఆ బండ ఎక్కడికీ పోలేదు. కాబట్టి నేను పని సక్రమంగా చేస్తున్నట్టు ప్రాచీన శిలల సంరక్షణ శాఖ వారి రికార్డులో ఉంది.

అది మామూలు నాపరాయి కాదు. ఊరికి ఉత్తరాన, గుట్ట కింద, నాలుగు ఎద్దులబండ్లు పక్కపక్కన నిలిపేంత వెడల్పున పరుచుకొని ఉంటుంది. దాని మీదంతా వలయాలు. ఎర్రగడ్డలను, అంటే ఉల్లిపాయలను, సగానికి కోసి పరిచినట్టు వలయంలో వలయం. మావాళ్లు ఎర్రగడ్డల బండ అంటారు. బడిలో సైన్సు చెప్పే నఫీసా టీచరు ఏటా పిల్లలను తీసుకొచ్చి, అవి ఎర్రగడ్డలు కావని చెబుతుంది. ఇక్కడ సముద్రం ఉన్న రోజుల్లో నీళ్లలో పెరిగిన పాచి అట. పొర మీద పొర పేరుకొని రాయయిందట. భూమ్మీద ప్రాణం ఇంకా పాచిగానే ఉన్న కాలపు గుర్తట. చివర్లో ఏటా ఒకే మాట అంటుంది.

"మనందరికీ ముత్తవ్వ ఈ పాచే. కాళ్లు కడుక్కొని ఎక్కండి."

బండ పక్కన శాఖవారి నీలం బోర్డు ఉంది. నేను చదివింది మూడో తరగతి. అయినా ముప్పై ఏళ్లు ఒకే బోర్డుకు ఎదురుగా కూర్చుంటే ఎవరికైనా చదువు వస్తుంది. "వయసు: నూట యాభై కోట్ల సంవత్సరాలు. రక్షిత వస్తువు. దీనికి వంద మీటర్ల లోపల తవ్వడం, పేల్చడం శిక్షార్హమైన నేరం."

ఆ వంద మీటర్లు దాటగానే ఓబులేసు క్రషరు మొదలవుతుంది. గుట్టలో సగం ఇప్పటికే కంకరై రోడ్ల కిందికి పోయింది. ఓబులేసు మంచివాడే. నా టీలో వాళ్ల దుమ్ము పడిందంటే ఇంకో టీ పంపిస్తాడు. అందులోనూ దుమ్ము పడుతుంది. ఆరు నెలలకొకసారి వచ్చి బండ అంచున నిలబడి, కాలితో తట్టి చూసి, "ఇంకెన్ని దినాలు పెద్దాయనా దీనికి కావిలి?" అని అడుగుతాడు. నేను బోర్డు చూపిస్తాను. పోతాడు.

కాపలాకు రాకముందు నలభై ఏళ్లు నాపరాళ్లు తీశాను. ఉలి ఏ సందులో పెట్టాలో తెలిస్తే రాయి తనే పొరలుగా విడిపోతుంది. ఒక్కొక్క పొర విప్పితే లోపల వాగు ఇసుకలో ఉన్నట్టే అలల గుర్తులు ఉంటాయి. కొన్నింట్లో చినుకులు పడిన గుంటలు కూడా ఉంటాయి. ఏదో ఒక పూట పడిన వాన. మా కుంటలో ఒక ఏడు వానకు గోరు మందం వండు మట్టి చేరుతుంది. ఒకసారి గనిలో మూరెడు ఎత్తులో పొరలు ఎంచాను. నాలుగు వందల దాకా వచ్చి మరిచిపోయాను. గని లోతు అరవై మూరలు. అంతకుమించి నాకు లెక్క రాదు.

ఇక నా వయసు సంగతి. మా అమ్మ చెప్పిన ప్రకారం నేను కుంటగట్టు తెగిన ఏడు పుట్టాను. బడిలో చేర్చినప్పుడు పంతులు నన్ను కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమన్నాడు. అందింది. అందితే ఐదేళ్లు నిండినట్టు. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు ఉండొచ్చు, చేతులు పొట్టివి. తేదీ ఏమిటని మా నాయన్ను అడిగితే తెలియదన్నాడు. పంతులు జూలై ఒకటి అని రాశాడు. ఆ పొద్దు చేరిన ఇరవైముగ్గురికీ అదే రాశాడు. ఒక్క కలం పోటుతో ఇరవైమూడు పుట్టుకలు. మా ఊళ్లో ఉద్యోగాలు చేసినవాళ్లంతా జూన్ ఆఖరున కలిసి రిటైరవుతారు, ఒకటే దండ తిప్పి తిప్పి వేస్తారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ముందు ముందు పనికొస్తుంది.

*

పోయిన ఏడు శాఖవారు రికార్డులన్నీ కంప్యూటరుకు ఎక్కించాలని తీర్మానించారు. సూపరింటెండెంటు పరాంకుశం గారు ట్యాబు పట్టుకొని జీపులో వచ్చారు. గొడుగు కింద నిలబడి బండ ఫోటో తీశారు. నా ఫోటో కూడా తీశారు. బండతో పాటు నన్ను కూడా ఎక్కించాలట.

"వస్తువు వయసు చెప్పవయ్యా."

"బోర్డు మీద ఉంది సార్."

ఆయన ఒకటి, ఐదు, సున్నా, సున్నా కొట్టారు. ఆ తర్వాత ఎన్ని సున్నాలు కొట్టినా పడలేదు. గళ్లు నాలుగే ఉన్నాయి.

"పదిహేను వందలే తీసుకుంటోంది" అన్నారు.

"మిగతాది ఏమైతాది సార్?"

"మిగతాది సిస్టం అంగీకరించదు."

ఆయన నియమం తప్పని మనిషి. పదిహేను వందలని తప్పు రాసి చేతులు దులుపుకోలేదు. గళ్లు పెంచమని రాజధానికి ఉత్తరం రాశారు. నెల తిరక్కుండా జవాబు వచ్చింది. నా ముందే చదివారు, ఎందుకంటే అక్కడ ఇంకెవరూ లేరు. "గళ్ల సంఖ్య పెంచుట సాంకేతికముగా సాధ్యపడదు. వస్తువుల వయసు తగ్గించు అంశమును పరిశీలించవలసినది."

పరిశీలించారు. పదిహేను రోజులకు సర్క్యులరు వచ్చింది. శాఖ పరిధిలోని ఏ వస్తువూ ఇకపై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభైతొమ్మిది సంవత్సరాలకు మించిన వయసు కలిగి ఉండరాదు. మించిన వస్తువులు గడువులోగా తగ్గించుకొనవలెను.

"రాయి ఎట్ల తగ్గించుకుంటాది సార్?" అని అడిగాను.

"వస్తువు తరఫున సంరక్షకుడు తగ్గించవచ్చు" అన్నారు.

సంరక్షకుడంటే నేనే. నేను తగ్గించలేదు. నాకు తెలిసి రాయిని తగ్గించేది ఓబులేసు ఒక్కడే.

*

కథ ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ మా మండలంలో పడుచు భూమి సంఘం అని ఒకటి ఉంది. దాని అధ్యక్షుడు విశ్వమూర్తి గారు, రిటైరయిన సబ్ రిజిస్ట్రారు. జీవితమంతా దస్తావేజులు చూసిన మనిషి. ఎవడు ఎవడికి కొడుకో పైకి పైకి వెతుక్కుంటూ పోతే ఎక్కడో ఒకచోట మొదటివాడు దొరకాలి కదా, అంతకుముందు ఏముంటుంది, అని ఆయన వాదం. తరానికి ఇన్నేళ్లని లెక్కకట్టి భూమి వయసు ఆరువేల ఇరవై నాలుగు అని తేల్చారు. ఇరవై ఏళ్లుగా ఆ మాట చెబుతున్నారు. ఇరవై ఏళ్లుగా ఆయన ఇంటికి పోయినవాళ్లు మజ్జిగ తాగి వింటున్నారు. మజ్జిగ బాగుంటుంది.

సర్క్యులరు పేపర్లో పడగానే ఆయనకు కన్నీళ్లు వచ్చాయట. ప్రభుత్వమే ఒప్పుకుంది అన్నారు. సంఘంవాళ్లు డప్పులతో వచ్చి పరాంకుశం గారికి గజమాల వేశారు. అప్పటిదాకా శాఖకు ఈ విషయంలో నమ్మకమంటూ ఏదీ లేదు, నాలుగు గళ్లు మాత్రమే ఉన్నాయి. దండ మెడలో పడ్డాక నమ్మకం కూడా వచ్చింది. పదివేల లోపు అని ఊరికే ఉండటం కంటే ఖచ్చితమైన అంకె ఉంటే ఫైలుకు నిండుదనం వస్తుందని పరాంకుశం గారే రాజధానికి రాశారు. భూమి వయసు ఆరువేల ఇరవై నాలుగుగా ఖరారైంది.

తర్వాత అదొక సరదాగా మారింది. పడుచు భూమి బ్యాడ్జీలు వచ్చాయి. క్యాలెండర్లు వచ్చాయి. మా మండలం హోటల్లో ఆరువేల ఇరవై నాలుగు పేరుతో ఒక దోసె కూడా పెట్టారు. తిన్నాను. మామూలు దోసే.

నఫీసా టీచరు ఊరుకోలేదు. విశ్వమూర్తి గారు బండ చూడటానికి వచ్చిన రోజు ఆమె కూడా వచ్చింది. ఇద్దరూ నా గుడిసె నీడలో కూర్చున్నారు.

"కోట్ల ఏళ్లంటావు గదా టీచరమ్మా" అన్నారు ఆయన నెమ్మదిగా. "చూసినోళ్లు ఎవరన్నా ఉండారా?"

"మీ ఆరువేల ఏళ్లు చూసినోళ్లు ఉండారా సార్?"

"మేము లెక్క చెప్తాండాం. చూసినామని ఎప్పుడన్నా అన్నామా?"

"మేమూ లెక్కే చెప్తాండాం సార్. మీరు మనుషుల్ని ఎంచినారు. మేము రాయిని ఎంచినాం. మనుషులు పేర్లు మార్చుకుంటారు, వయసు దాచుకుంటారు. రాయికి ఆ అవసరం లేదు."

ఆయన నొచ్చుకోలేదు. సంచిలోంచి సీసా తీసి ఆమెకు మజ్జిగ పోశారు. ఆమె తాగింది. నాకూ పోశారు.

*

అంకె వచ్చాక తేదీ కావాల్సి వచ్చింది. ట్యాబులో రోజు, నెల కూడా నింపితే తప్ప ముందుకు పోదు. తేదీకి ఆధారం కావాలి. ఆధారమంటే జనన ధ్రువీకరణ పత్రం. భూమికి అది లేదు. ఆలస్యపు జనన నమోదు కింద ఇప్పించవచ్చని పరాంకుశం గారు రూలు వెతికి పట్టుకున్నారు. మండల కార్యాలయంలో బహిరంగ విచారణ పెట్టారు. బండ తరఫున నన్ను కూడా పిలిచారు.

దరఖాస్తుదారు విశ్వమూర్తి గారు. పుట్టినవారితో సంబంధం అన్నచోట కొడుకు అని రాశారు, భూమిపుత్రుడు కాబట్టి. ఆడా మగా అన్నచోట ఆడ. దాని మీద ఎవరికీ పేచీ రాలేదు. పుట్టిన స్థలం ఆసుపత్రా ఇల్లా అంటే ఇల్లు. కాన్పు చేసినవారి పేరు దగ్గర కాస్త సేపు ఆగారు. రకరకాల దేవుళ్ల మనుషులు గదిలో ఉన్నారు, పేరు పెడితే గొడవ. "అనుభవజ్ఞులు" అని రాసి దాటేశారు.

తేదీ దగ్గర మళ్లీ ఆగింది. పరాంకుశం గారు కళ్లజోడు తుడుచుకున్నారు.

"తేదీ తెలియని సందర్భాల్లో ఈ ప్రాంతపు ఆనవాయితీ ఏమిటి?"

ఎవరూ పలకలేదు. అందరికీ తెలుసు కాబట్టి.

"ఈ గదిలో జూలై ఒకటిన పుట్టినవారు చేతులెత్తండి."

పద్నాలుగు మందిలో పదకొండు చేతులు లేచాయి. అందులో పరాంకుశం గారిది కూడా ఒకటి. ఇంత బలమైన సాక్ష్యం తన సర్వీసులో చూడలేదని ఆయన అన్నారు. విశ్వమూర్తి గారి లెక్కలో భూమి కార్తీకంలో పుట్టాలి. కొంచెం ఆలోచించి, "జూలై ఒకటంటే బడులు తెరిచినాకనే కదా. మంచిదే" అని తగ్గారు.

అప్పుడు నఫీసా టీచరు లేచింది.

"ఒక సందేహం సార్. నా దూరదర్శినిలో పిల్లలకు కొన్ని చుక్కలు చూపిస్తాను. వాటి వెలుతురు మన దగ్గరికి రావడానికి లక్ష ఏళ్లు, పది లక్షల ఏళ్లు పడుతుంది. భూమికి ముందు ఏమీ లేదని మీ తీర్మానంలో ఉంది. మరి ఆ వెలుతురు ఎప్పుడు బయలుదేరింది?"

అందరూ సూపరింటెండెంటు గారి వైపు తిరిగారు. నేను కూడా ఇప్పుడు ఇరుక్కున్నారనే అనుకున్నాను. పరాంకుశం గారి గురించి అప్పటికి నాకు పూర్తిగా తెలియదు.

"అంటే సదరు నక్షత్రాలు భూమికి అనుమతి రాకముందే వెలగడం మొదలుపెట్టాయంటారు."

"అవును సార్."

"అయితే అవి అనధికార నక్షత్రాలు" అన్నారు. "అనధికార నిర్మాణాలను క్రమబద్ధీకరించే పథకం ఒకటి అమల్లో ఉంది. తొంభై రోజుల్లో దరఖాస్తు పెట్టుకుంటే సానుభూతితో పరిశీలిస్తాం. పెట్టుకోనివి లేనట్టుగా పరిగణించబడతాయి."

నోటీసులు అచ్చయ్యాయి. సంబంధిత స్థలంలో కనిపించే చోట అతికించాలని రూలు. చుక్కలకు దగ్గరగా ఉన్న ఎత్తు ఏదని వెతికి, మా గుట్ట మీద కరెంటు స్తంభానికి అతికించారు. తొంభై రోజులు గడిచాయి. ఏ చుక్కా రాలేదు. బడి పుస్తకంలో చుక్కల పాఠం ఉన్న నాలుగు పేజీలను పిన్ను కొట్టి మూశారు. బడిలో మిగతా పేజీలు ఎప్పుడూ తెరవని పిల్లలు కూడా ఆ పిన్నులు ఊడబీకి చదివారని టీచరు నాతో చెప్పి, చాలా రోజుల తర్వాత నవ్వింది.

*

ఆ నవ్వు నాలుగు రోజులే ఉంది. అయిదో రోజు పరాంకుశం గారు బండ దగ్గరికి వచ్చి కొత్త ఉత్తర్వు చదివారు.

భూమి మీది రాళ్లన్నీ భూమితో పాటే పుట్టాయని సంఘంవారి లెక్క, శాఖవారు ఆమోదించారు. అంటే అన్ని రాళ్లదీ ఒకే వయసు. ఒకే రోజు పుట్టిన రాళ్లలో ఒకదానికి కాపలా పెట్టి, ఇంకొకదాన్ని క్రషరుకు పంపడం సమానత్వ సూత్రానికి విరుద్ధం. కాబట్టి ఇకపై భూమి వయసును మించిన వయసు గల వస్తువులకు మాత్రమే రక్షణ. భూమి జనన పత్రం జారీ అయిన రోజునే ఎర్రగడ్డల బండ రక్షిత జాబితా నుంచి తొలగిపోతుంది. పక్క సర్వే నంబరు లీజుదారుకు ఇచ్చేస్తారు.

పక్క సర్వే నంబరు లీజుదారంటే ఓబులేసు.

"భూమి కంటే పెద్ద వస్తువు ఉంటే సార్?" అని అడిగాను.

"ఉంటే దానంతట అదే రక్షిత జాబితాలోకి ఎక్కుతుంది. సిస్టమే ఎక్కిస్తుంది, నా సంతకం కూడా అక్కర్లేదు. తాను ఉన్న చోటుతో సహా, వంద మీటర్లు."

"ఉంటాదా?"

"ఎలా ఉంటుందయ్యా? రూలు ఉండాలి కాబట్టి ఉంచాం. వస్తువులు ఉండాలని లేదు." పాపం, ఆయన మొహం కూడా వాడిపోయి ఉంది. బండ మీద ఒకసారి చెయ్యి పెట్టి తీశారు. "పత్రానికి ఒక్క సాక్షి సంతకం బాకీ. స్థానికంగా అందరికంటే పెద్దవాడు, పుట్టుక సంగతి ఎరిగినవాడు కావాలి. నీ పేరు రాశాను. సోమవారం రా."

ఆ మధ్యాహ్నమే టీచరు వచ్చింది. చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కోకుండానే బండ మీద కూర్చుంది. ఎప్పుడూ అట్లా చేయలేదు.

"తాతా, నువ్వు సంతకం పెట్టొద్దు."

"నేను పెట్టకపోతే మన ఊరి పుల్లమ్మ పెడతాది. నాకంటే రెండేండ్లు చిన్నది. ఏ కాగితానికైనా వేలేస్తాది."

"మరి ఏం జేద్దాం?"

ఆమె చూపుడువేలితో ఒక వలయం చుట్టూ గీస్తూ ఉంది.

"ఇరవైరెండేండ్లు ఇక్కడికే పిల్లల్ని తోలుకొస్తాండా. పుస్తకంలో చూపించినది వాళ్లు నమ్మరు తాతా. ఇక్కడ చెయ్యి పెట్టించి చెప్తే నమ్ముతారు. రేపు ఇది ఓబులేసుకు కంకరై పోతాది. యాడ పెట్టించల్ల చెయ్యి?"

రోడ్డు వైపు క్రషరు తిరుగుతోంది.

"సోమవారం నువ్వు కూడా రా టీచరమ్మా" అన్నాను.

ఆమె నన్ను అనుమానంగా చూసింది. నేను ఎవరినైనా ఎక్కడికైనా పిలవడం తక్కువ.

*

సోమవారం అందరూ ఉన్నారు. విశ్వమూర్తి గారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. ఓబులేసు గుమ్మం దగ్గర లడ్డూల పెట్టె పట్టుకొని నిలబడ్డాడు. పరాంకుశం గారు సాక్షి వాంగ్మూలం చదివారు.

"పై భూమిని నేను చిన్నప్పటి నుండి ఎరుగుదును. ఇది నిజమేనా?"

"నిజమే సార్. నాకు తెలివి వచ్చేసరికి ఉంది."

"పుట్టుక సమయంలో సాక్షికి పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి. నిండాయా?"

టీచరు తలెత్తింది. కంప్యూటరు ముందున్న అమ్మాయి నా కార్డు చూసింది. "ఈయన కార్డులో డెబ్బైతొమ్మిది ఉంది సార్. సిస్టం తీసుకోవడం లేదు. సాక్షి భూమి కంటే పద్దెనిమిదేళ్లు పెద్దవాడై ఉండాలంటోంది."

ఓబులేసు లడ్డూల పెట్టె ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు.

"కార్డులో వయసు తప్పు సార్" అన్నాను.

"తప్పా?"

"బడిలో పంతులు చెవి పట్టించి రాసినాడు. తక్కువ రాసినాడు. ఎంత తక్కువో నాకు తెల్దు. మీరు ఎంతంటే అంత."

ఇది అబద్ధం కాదు. పరాంకుశం గారు నన్ను చాలా సేపు చూశారు. వయసు సవరణకు ఆయనకు అధికారం ఉంది. ఆధారమే కావాలి.

"వేలిముద్ర వెయ్యి" అన్నారు.

వేశాను. పడలేదు. పది వేళ్లూ వేశాను. ఏదీ పడలేదు. నలభై ఏళ్లు రాయి పట్టిన వేళ్లు. బండ మీద గీతలు మిగిలాయి గాని నా వేళ్ల మీద మిగల్లేదు.

"వేలిముద్రలు పూర్తిగా అరిగిపోయి ఉన్నందున సాక్షి అతి ప్రాచీనుడని ఇందుమూలముగా నిర్ధారించడమైనది" అని పరాంకుశం గారు చెబుతుంటే ఆ అమ్మాయి కొట్టింది. ఆరువేల ఇరవై నాలుగుకు పద్దెనిమిది కలిపితే ఆరువేల నలభై రెండు. నాలుగు గళ్లలో చక్కగా పట్టింది. పుట్టిన తేదీ జూలై ఒకటే, మార్చాల్సిన పని రాలేదు.

విశ్వమూర్తి గారు మాత్రం నా పక్కకు జరిగి గొంతు తగ్గించి అడిగారు. "భూమికి ముందు పద్దెనిమిదేండ్లు ఉండావు గదా పెద్దాయనా. భూమే లేదే, యాడ కూచున్నావు?"

"కూచోలేదు సార్. నిలబడే ఉండినాను."

ఆయన ఆలోచనలో పడ్డారు. నేను సంతకం పెట్టాను. మూడో తరగతి సంతకం, మద్దిలేటి అని నాలుగక్షరాలు. పత్రం జారీ అయింది. చప్పట్లు కొట్టారు. ఓబులేసు లడ్డూలు పంచాడు, మొదటిది నాకే ఇచ్చాడు. టీచరు తీసుకోలేదు. నా వైపు చూడలేదు.

నేను లడ్డూ తింటుండగా ట్యాబు మోగింది. ఆ అమ్మాయి గట్టిగా చదివింది. "అభినందనలు. వస్తువు సంఖ్య రెండు, మద్దిలేటి, భూమి వయసును మించినందున రక్షిత జాబితాలో చేర్చబడినది. నమోదైన స్థానం: గుండ్లపెంట, ఎర్రగడ్డల బండ. వంద మీటర్ల లోపల తవ్వడం, పేల్చడం నిషేధం."

టీచరు చెయ్యి చాపి, ఓబులేసు పెట్టెలోంచి రెండు లడ్డూలు తీసుకుంది.

*

మనిషిని వస్తువుగా ఎట్లా చేరుస్తారని పరాంకుశం గారు రాజధానికి రాశారు. ఓబులేసు కూడా రాయించాడు. నెల తిరక్కుండా జవాబు వచ్చింది. "శాఖ రికార్డునందు వయసు కలిగిన ప్రతిదియు వస్తువే. మనిషి అని గుర్తించుటకు గడి లేదు. గళ్ల సంఖ్య పెంచుట సాంకేతికముగా సాధ్యపడదు."

నా చుట్టూ కంచె వేశారు. బండ చుట్టూ కూడా పడింది, నేను దాని మీద కూర్చుంటాను కాబట్టి. నీలం బోర్డు మీద పాత రాత చెరిపి నా పేరు, నా వయసు రాశారు. బండ పేరు లేదు. ఇప్పుడు అది నేను కూర్చునే చోటు మాత్రమే. రక్షిత వస్తువును అనుమతి లేకుండా తరలించడం నేరం కాబట్టి ఊళ్లోకి పోవడం మానేశాను. బువ్వ పుల్లమ్మ పంపిస్తుంది.

విశ్వమూర్తి గారు సాయంత్రాలు వస్తారు. మొదట్లో భూమి పుట్టిన రోజు ఎండగా ఉందా మబ్బుగా ఉందా అని అడిగేవారు. తెలియదనేవాణ్ణి. ఒకరోజు బండ అంచున ఒరిగి, వేలు పెట్టి పొరలు ఎంచడం మొదలుపెట్టారు. రెండు వందల దాకా ఎంచి కళ్లజోడు తీసేశారు. మర్నాడు మళ్లీ వచ్చి, రెండు వందల ఒకటి నుంచి మొదలుపెట్టారు. మజ్జిగ మాత్రం తేవడం మానలేదు.

టీచరు ఈ ఏడు కూడా పిల్లలను తీసుకొచ్చింది. వాళ్లు బోర్డు చదివి, నన్ను చూసి, మళ్లీ బోర్డు చదివారు. టీచరు నా గురించి ఒక్క మాట చెప్పలేదు. పాచి గురించి చెప్పింది. ఒక్కొక్కరి చేత వలయం మీద చెయ్యి పెట్టించింది.

ఓబులేసు ఇప్పుడు ఆరు నెలలకొకసారి కాదు, దినామూ పొద్దున్నే వస్తాడు. కంచె బయట నిలబడతాడు.

"ఒంట్లో ఎట్లుంది పెద్దాయనా?"

"బాగుండా."

"రేత్రి దగ్గినట్టు ఇనబడ్డాది."

"దుమ్ము."

వెంటనే పోయి క్రషరు చుట్టూ నీళ్లు కొట్టించాడు. దుమ్ము తగ్గిందని అనుకున్నాక ఏం తోచిందో ఏమో, మర్నాటి నుంచి కొట్టించడం మానేశాడు. మూడో రోజు మనసొప్పక మళ్లీ కొట్టించాడు. మంచివాడేనని ముందే చెప్పాను.

మొన్న ఉండబట్టలేక అడిగేశాడు.

"ఇంకెన్ని దినాలంటావు పెద్దాయనా?"

గళ్లు నాలుగు. తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభైతొమ్మిది దాకా పడుతుంది. నేను ఆరువేల నలభై రెండులో ఉన్నాను. వేళ్ల మీద ఎంచుకొని చెప్పాను.

"ఇంకా మూడువేల తొమ్మిదివందల యాభైఏడేండ్లు చోటుంది. కూచో ఓబులేసూ, టీ తాగిపో. తొందరేముంది."